పియర్ చెట్టు ముందు వరస

వింటర్‌కోట్ బంగళా తోటను 1911 నాటి ఫొటోలో ఉన్నట్టే, ఆకు తేడా లేకుండా మళ్ళీ నిలబెట్టారు. ఫొటోలో గడ్డిమీద నెమలి ఉంది గనక నెమలిని కొన్నారు. అది కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. గోడవార పియర్ చెట్టు మాత్రం ఆ ఫొటోలో లేదు. అందుకని దాన్ని ఇవాళ మూడు గంటలకు కొట్టేస్తున్నామనీ, అసౌకర్యానికి చింతిస్తున్నామనీ గేటు దగ్గర బోర్డు పెట్టారు.

నలభై ఏళ్ళ కిందట ఇక్కడ తోటమాలిగా ఉన్నప్పుడు క్లెమెంట్ హాగ్, భార్య ఎడ్నాతో కలిసి నాటిన చెట్టది. ఎడ్నా పోయింది. చెట్టు మిగిలింది. క్లెమెంట్ తోట చూడ్డానికొచ్చే అందరిలా టికెట్ కొనుక్కుని వచ్చి దాని ముందు నిలబడ్డాడు. ప్రాణం విలవిల్లాడుతోంది గానీ, గొడవ పెట్టుకోవడం ఆయనకు చేతకాదు.

కాసేపటికి ఆయన వెనక ఒకావిడ నిలబడింది. ఆవిడ వెనక మరో ఇద్దరు. ఈ ఊళ్ళల్లో మనిషి కదలకుండా నిలబడితే చాలు, వెనక వరస తయారవుతుంది.

“దేనికండీ ఇది?”

“ఏమోనండీ. తొందరగానే కదులుతున్నట్టుంది.”

మూడింటికి తోట పనివాడు డెస్ రంపం పట్టుకుని వచ్చేసరికి వరస చెట్టును రెండు చుట్లు చుట్టేసింది.

“కాస్త జరగండమ్మా, చెట్టు కొట్టాలి.”

“అందరికీ పనులున్నాయి బాబూ. వెనక్కెళ్ళి నిలబడు.”

డెస్ సిగ్గుపడి చివరికి పోయాడు. తోట అధికారి మిస్ థ్రాల్ నేరుగా ముందుకు రాబోతే డెబ్భై మంది ఒక్కసారిగా గొంతు సవరించుకున్నారు. ఆమె నోరు మూసుకుని డెస్ వెనక నిలబడింది.

“కానివ్వండి పెద్దాయనా, మీ వంతేగా,” అంది వెనకావిడ.

క్లెమెంట్ ఇరుకున పడ్డాడు. ఏం చెయ్యాలో తోచక చెట్టు మీద చెయ్యి వేశాడు.

“ఎడ్నా, నేనే. ఆపడం నా వల్ల కాలేదే,” అని కళ్ళు తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు.

పద్ధతి ఇదే కాబోలనుకుని వెనకావిడా చెయ్యి వేసి, “ఎడ్నా, బాగున్నావామ్మా?” అంది. ఆ తర్వాతాయన తన మోకాలి నొప్పి సంగతంతా చెప్పుకున్నాడు. నాలుగున్నరకు డెస్ రంపం కింద పెట్టి, టోపీ తీసి, చాలాసేపు గుసగుసలాడాడు.

మిస్ థ్రాల్ వెనక్కి చూసింది. ఇంకా జనమే. ఇంతమందిలో మర్యాద తప్పలేక బెరడు మీద అరచెయ్యి ఆనించింది.

“క్షమించండి ఎడ్నాగారూ,” అంది. అంత మాట అన్నాక ఇక నరికించడానికి ఆమెకు మనసు రాలేదు. “డెస్, ఆ రంపం లోపల పడెయ్. ఫొటో సంగతి నేను చూసుకుంటాను.”

ఈ కబురు చెబుదామని క్లెమెంట్ కోసం వెతికితే, ఆయన మళ్ళీ వరస చివర నిలబడి ఉన్నాడు.

“చెట్టు కొట్టడం లేదండీ. ఇక మీరు నిశ్చింతగా ఇంటికెళ్ళండి.”

క్లెమెంట్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“చల్లగా ఉండు తల్లీ. ఆ మాట ఎడ్నాకి చెప్పాలిగా. నా వంతు రానీ.”