నా ఎర్ర చొక్కా

నేను ఒక మెమరీ పలకను. కంప్యూటర్ లోపల నిలువుగా గుచ్చుకొని ఉంటాను. దుకాణాల్లో ర్యామ్ అంటారు. పేరుకు జ్ఞాపకమే గానీ, కరెంటు పోతే నాలో ఏదీ నిలవదు. మరి ఈ కథ ఎలా గుర్తుందని మాత్రం అడక్కండి. నా మూలనున్న చిన్న చిప్పు ఒక్కటే మరిచిపోదు. నేను ఎంత వేగంతో నడవాలో ఫ్యాక్టరీలోనే దానిలో రాశారు.

కరీంనగర్‌లో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసే రాజం నన్ను కొన్నాడు. ఆ రాసిన వేగం అతనికి చాలలేదు. సెట్టింగులు మార్చి, కరెంటు కాస్త ఎక్కువిచ్చి నన్ను పరుగెత్తించాడు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని వచ్చిన ప్రతివారికీ చెప్పేవాడు. వేడెక్కుతానేమోనని ఎర్రటి అల్యూమినియం రేకులు తెచ్చి నాకు రెండు వైపులా అతికించాడు. అవి హీట్ స్ప్రెడర్లు. నా వేడిని లాగి గాలికి వదలాలి. అతని భార్య కళావతి మాత్రం వాటిని చొక్కా అనేది.

ఒక ఉదయం భూలక్ష్మి అనే ఆమె పాత వీడియో క్యాసెట్ తెచ్చింది.

"మా పెండ్లిది తమ్మీ. గడపల ఆడిబిడ్డలు అడ్డం నిలవడి పేర్లు చెప్పుమన్నరు. గప్పుడు ఆయన నా పేరు చెప్పిండు. తర్వాత ముప్పై ఏండ్లు 'ఏమే' అనుడే. పోయిన నెల పోయిండు. ఆ ఒక్క మాట ఇనాలె."

కంప్యూటర్‌కు కలిపిన వీసీఆర్‌లో క్యాసెట్ తిరిగింది. దంపతులు గడప దగ్గరికి రాగానే నేను లెక్క తప్పాను. కంప్యూటర్ బిగుసుకుపోయింది. రాజం క్యాసెట్ తీసి చూశాడు. టేపుకు బూజు పట్టింది.

"ఇంకొక్కసారే తిరుగుతది అక్కా," అన్నాడు మెల్లగా. "కంప్యూటర్ వేడికి ఆగింది. సరిచేస్త."

ఆమె బల్ల మీద కూర్చుంది. రాజం నన్ను బయటకు తీశాడు. కళావతి నా చొక్కా అంచును గోటితో గీరింది. రేకుకూ నాకూ మధ్య సన్నని ప్లాస్టిక్ పొర అట్లాగే ఉంది.

"కొత్త సోఫాకు కవరు తియ్యవు, రిమోటుకు తియ్యవు. దీనికి సుత తియ్యలేదా?"

"ఖరాబైతదని ఉంచిన," అన్నాడతను.

పొర తీసి మళ్లీ అతికించాడు. నా వేడి నిజంగానే కొంచెం తగ్గింది. కానీ ఇచ్చినవి సరిగ్గా దాచుకుంటున్నానా అని పరీక్ష పెడితే మళ్లీ రెండు తప్పులు వచ్చాయి. ఇంకా మంచి చొక్కా తెస్తానని రాజం లేచాడు.

"ఉరికి ఉరికి దమ్మొచ్చినోనికి చొక్కా మారిస్తె ఏమైతది? ముందు ఉరికిచ్చుడు బంద్ చెయ్," అంది కళావతి.

అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత నా చిప్పులో రాసి ఉన్న వేగానికే నన్ను దించాడు. ఈసారి పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు.

క్యాసెట్ ఆఖరిసారి తిరిగింది. గడప వచ్చింది. ఆడపిల్లల నవ్వులు. పెళ్లికొడుకు తల వంచుకొని, ఆగి, గొంతు సవరించుకొని అన్నాడు: "నేను... భూలక్ష్మి... వచ్చినం."

ఆ పేరు నాలోంచి చెదరకుండా సాగిపోయి, పక్కనున్న డిస్కులో నిలిచింది.

"మెల్లగనే చెప్పిండు సూడు," అందామె. "ఆయనకు ఎన్నడూ తొందర లేకుండె."

సాయంత్రం రాజం కంప్యూటర్ ఆపాడు. ఎప్పటిలాగే నాలో ఏమీ మిగలలేదు. మరునాడు కరెంటు రాగానే, ఎవరూ చెప్పకుండానే, నా వేగంతో నేను మొదలయ్యాను.