డ్రైవరు వైపు మూడో కిటికీ

చీపురు ఆపి పెంటమ్మ గేటు వైపు చూసింది. లోపలికి వస్తున్నది ఐజ బస్సు. హైదరాబాద్ బస్సు కాదు. హమ్మయ్య అనుకుని మళ్లీ నడుము వంచింది. రాత్రి ఆగిన ప్రయాణికులు పల్లికాయ పొట్టు, టీ కప్పులు, బత్తాయి తొక్కలు ఎక్కడివక్కడే వదిలిపోయారు. వాటిని స్తంభం పక్కకు తోసి కుప్ప చేస్తోంది గానీ చూపు మాత్రం గేటును వదలడం లేదు.

గద్వాల బస్టాండులో ఊడ్చే మనిషి పెంటమ్మ. పొట్టిగా, బక్కగా ఉంటుంది. చీర మీద తొడుక్కున్న నీలం కోటు మోకాళ్ల దాకా వేలాడుతుంది. కోటు జేబులో ఎప్పుడూ రెండు నిమ్మకాయలుంటాయి, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్ల కోసం. తలకు ఎర్రంచు టువ్వాల చుట్టుకుంటుంది. అది ఎండకూ కాదు, దుమ్ముకూ కాదు. సీట్లు ఆపడానికి.

బస్సు ఇంకా ఆగకముందే జనం కిటికీల్లోంచి చేతిరుమాళ్లు, సంచులు, ఏమీ లేకపోతే చెప్పులు కూడా విసురుతారు. ఎవరి వస్తువు పడితే సీటు వాళ్లది. పెంటమ్మ టువ్వాల కొసకు గట్టిగా ముడివేసి, ఆ ముడిని కుళాయి కింద తడిపి విసురుతుంది. తడిసిన ముడి బరువుకు టువ్వాల గాలిలో విచ్చుకోకుండా నేరుగా పోయి పడుతుంది. ఎరిగినవాళ్లు ఎవరు ప్రయాణమైనా ముందు రోజే చెప్పి పెడతారు, "పెంటమ్మా, రేపు జర నాకో సీటు" అని. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఆమే నెత్తికెత్తుకుంది.

ఎవరు ఊరు దాటుతున్నా ఆమెకు గాబరా. ముక్కూమొహం తెలియని వాళ్లను కూడా ఆపి, నీళ్లు పెట్టుకున్నారా, ఫోను పెట్టుకున్నారా అని అడుగుతుంది. బస్సు కదిలాక, గేటు దాటి మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తుంది. పోయేవాళ్లను చూస్తే ఇంత బెంగపడే మనిషికి బస్టాండులో పని దొరకడం విచిత్రమే. టీ కొట్టు చెన్నయ్య ఆ మాటే అంటుంటాడు: "నిన్ను కూరగాయల మార్కెట్ల పెట్టుండాలె. ఆడ ఎవ్వలు యాడికి పోరు."

సీట్ల విషయంలో పెంటమ్మకు ఒక పట్టు ఉంది. అందరూ తలుపు వైపు కిటికీలు కోరుకుంటారు. బస్సు ఆగి ఉన్నంతసేపూ సాగనంపే వాళ్లు ఆ పక్కనే నిలబడి మాట్లాడొచ్చు. పెంటమ్మ మాత్రం డ్రైవరు వైపు మూడో కిటికీకే విసురుతుంది. ఎందుకంటే బస్సు వెనక్కి పోయి, తిరిగి, గేటు దారి పట్టేటప్పుడు ప్లాట్‌ఫాం వైపుకు వచ్చేవి డ్రైవరు పక్క కిటికీలే. చివరి చూపు దొరికేది వాటిలోనే.

ఇది ఆమెకు భర్త ఎల్లన్న వలస పోయినప్పుడు తెలిసింది. ఎల్లన్న బొంబాయిలో మట్టిపనికని రాయచూరు బస్సెక్కాడు. తలుపు వైపు కిటికీ దొరికిందని ఇద్దరూ సంబరపడ్డారు. ఆమె కిటికీ కింద నిలబడి రొట్టెల మూట అందించింది, ఏవేవో చెప్పింది. బస్సు వెనక్కి పోయి తిరిగింది. ఆయన ముఖం కోసం తలెత్తి చూస్తే కిటికీల్లో అన్నీ వేరేవాళ్ల ముఖాలు. ఎల్లన్న ఆ పక్కన, గోడ వైపు ఉండిపోయాడు. ఆ తర్వాత బొంబాయి నుంచి కబురు వచ్చిందే గానీ ఆయన రాలేదు.

"పెద్దమ్మా! సీటు దొరుకుతదా?"

పెంటమ్మ ఉలిక్కిపడి తిరిగింది. పెద్ద పెట్టెను ఈడ్చుకుంటూ మానస వస్తోంది. వెనక చిన్న సంచి పట్టుకుని వాళ్లమ్మ సత్తెమ్మ. పెంటమ్మది, వాళ్లది పక్కపక్క ఇళ్లు. నర్సు చదువుకు పోయిన మొదటి రోజు నుంచి ఇవాళ్టిదాకా మానసకు ప్రతి ప్రయాణంలో సీటు ఆపింది పెంటమ్మే. ఇవాళ ఆ పిల్ల జర్మనీ పోతోంది, అక్కడి దవాఖానలో పనికి. రాత్రికి విమానం. శంషాబాద్‌లో తమ్ముడు పాల్ వచ్చి ఎదురుచూస్తుంటాడు. సత్తెమ్మ తోడు పోదామంటే కుదరదు. బస్సెక్కితే ఎర్రవల్లి చౌరస్తా కూడా దాటలేదు, కడుపులోది నోట్లోకి వస్తుంది. నిమ్మకాయలకు కూడా లొంగని మనిషి. కాబట్టి తల్లి బిడ్డను సాగనంపేది ఈ ప్లాట్‌ఫాం మీదనే.

"బస్సే రాలె, అప్పుడే సీటంటవ్. పాస్‌పోర్టు పెట్టుకున్నవా?" అంది పెంటమ్మ.

"పెట్టుకున్న."

"చూపియ్."

మానస నవ్వుతూ తీసి చూపించింది.

"స్వెట్టరు? మందులు? దవాఖానోళ్ల కాయితాలు?"

"విమానమోళ్లు గూడ ఇన్ని అడగరు పెద్దమ్మా!"

"పొద్దుగాల నుంచి నేను గివే అడిగితే నన్ను కసురుకుంది," అంది సత్తెమ్మ. "నువ్వడిగితే పండ్లు బయటవెట్టి చెప్తుంది చూడు."

చెన్నయ్య పిలిచి ముగ్గురికీ టీ ఇచ్చాడు. మానస ఫోను తీసి పెంటమ్మ ముందు పెట్టింది. "విమానంల గూడ సీటు ఏరుకోమంటుండ్రు. నువ్వు చెప్పకుంటే నేను యాడ కూసుంట? చూడు, ఏది మంచిగుంటదో."

తెర మీద ఎండుచేపను చీల్చి పరిచినట్టుగా ఒక బొమ్మ. దాని నిండా చిన్న చిన్న గళ్లు. పెంటమ్మ చేతులు కోటుకు తుడుచుకుని, వంగి చూసింది.

"ముందల కూసో బిడ్డా," అన్నాడు చెన్నయ్య. "అందరికన్న ముందు దిగొచ్చు."

"రెక్క కాడ కూసో," అంది సత్తెమ్మ. "ఏమన్నయితే పట్టుకోనీకి ఉంటది."

"రెక్క బయటుంటదమ్మా!"

పెంటమ్మ నవ్వలేదు. చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "జర ఆగుండ్రి. టైరు ఏడుంటది?"

"కింద. ఎగిరినంక లోపలికి ముడుచుకుంటది."

"అయితే కుదుపులుండవ్. ఎండ ఏ దిక్కు కొడ్తది?"

"రాత్రి పోతది పెద్దమ్మా."

"డ్రైవరు బీడీ తాగుతడా? ఎనక కూసున్నోళ్లకు వాసనొస్తది."

"ఆయన తలుపేసుకుని కూసుంటడు. కనవడనే కనవడడు."

తనకు తెలిసిన సంగతులన్నీ ఇట్టే అయిపోయేసరికి పెంటమ్మ మిగిలిన ఒక్క ప్రశ్న అడిగింది. "మరి సాగనంపేటోళ్లు ఏ దిక్కు నిలబడ్తరు?"

మానస ఒక గుక్క టీ తాగి మెల్లగా చెప్పింది. "ఎవ్వలు నిలబడరు పెద్దమ్మా. అద్దాల తలుపు కాడనే ఆపేస్తరు. లోపలికి రానియ్యరు."

"కిటికీల నుంచి చూస్తే?"

"మొత్తం సిమెంటు నేల. మనుషులు కనవడరు."

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంటమ్మ మళ్లీ ఆ గళ్ల మీదికి వంగింది. చూడాల్సిన మనిషి బయట లేనప్పుడు కిటికీ ఎందుకు?

"అయితే నడిచే బాట పక్కది తీసుకో," అంది చివరికి. "ఏడుపొస్తే ఎవ్వల్ని లేపకుంట లేచి పోవచ్చు. పక్కోళ్లు ఏమైందని అడగరు."

"నేనెందుకు ఏడుస్త?"

"ఏడ్వకుంటే మంచిదే. కాలు చాపుకో."

చెన్నయ్య పగలబడి నవ్వాడు. మానస నవ్వుతూనే వేలితో ఒక గడిని నొక్కింది. అది రంగు మారింది. అంతే, ఉరకలేదు, విసరలేదు. ఇంత సులువుగా దొరికిన సీటు నిజంగా ఆగుతుందా అని పెంటమ్మకు అనుమానం. "ఎవడన్న వచ్చి కూసుంటే?" అని అడిగేలోపే గేటు దగ్గర హారన్ మోగింది.

హైదరాబాద్ బస్సు!

పెంటమ్మ టీ కప్పు అక్కడే పెట్టి పరుగెత్తింది. తల మీది టువ్వాల అప్పటికే చేతిలోకి వచ్చింది. దారిలో కుళాయి కింద తడిపిన ముడి గిరగిరా తిరిగి, మూడో కిటికీలోంచి దూరి, సీటు మీద పడింది. చుట్టూ విసిరినవాళ్లవి కొన్ని కడ్డీలకు తగిలి కింద పడ్డాయి. గెలిచిన ముఖంతో పెంటమ్మ తలుపు దగ్గర తోపులాటలో దూరి, మోచేతులతో దారి చేసుకుంటూ లోపలికి చేరింది.

సీటులో ఒక లావుపాటి ఆమె కూర్చుని ఉంది. డ్రైవరు తలుపు నుంచి ఎక్కేసింది! టువ్వాల కొస ఒక్కటే ఆమె తొడ కింద నుంచి తొంగిచూస్తోంది.

"అక్కా, నువ్వు మా టువ్వాల మీద కూసున్నవ్."

"కూసుంటే ఏమైంది? దానికేమన్న నొప్పి పుడ్తుందా?"

"మేం ఆపుకున్న సీటు గది."

"నాకు కిటికీ లేకుంటే వాంతులైతయ్. కొత్తకోట దాక పోవాలె. నీ ఒళ్లె చేసుకోవాల్నా?"

మామూలుగా అయితే ఇక్కడ పెంటమ్మ గొంతు బస్టాండంతా వినిపించేది. ఇవాళ మాత్రం అరవలేదు. జేబులోంచి నిమ్మకాయ తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీ పేరేంది అక్కా?"

"తిమ్మమ్మ."

"చూడు తిమ్మమ్మక్కా, పిల్ల జర్మనీ పోతుంది. బస్సు గిట్ల తిరిగినప్పుడు గీ కిటికీ నుంచే తల్లికి మొకం కనవడేది. మల్ల ఎన్నడొస్తదో తెల్వదు. పక్క సీట్లె కూసో, నిమ్మకాయ వాసన చూసుకుంట పో."

తిమ్మమ్మ కింద నిలబడ్డ మానసను చూసింది. నిమ్మకాయను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఒక్కటేనా?"

పెంటమ్మ రెండోది కూడా ఇచ్చింది. తిమ్మమ్మ మూలుగుతూ పక్కకు జరిగింది.

మానస వచ్చి కూర్చుంది. పెట్టెను డ్రైవరు వెనక ఇరికించారు. కండక్టరు రజని తలెత్తకుండా టికెట్లు కొడుతోంది. కింద తలుపు వైపు నిలబడ్డ సత్తెమ్మకు లోపలి జనం వీపులు తప్ప ఏమీ కనబడడం లేదు. "నా బిడ్డను అటుదిక్కు కూసోవెట్టినవేందే పెంటమ్మా! అందరి బిడ్డలు ఇటుదిక్కు కనవడ్తుంటే నా బిడ్డ ఒక్కతే కనవడ్తలేదు!" అని ఏడుపు అందుకుంది.

"ఏడ్వకు. నా ఎంట రా."

"యాడికి? బస్సు పోతుంది!"

"పోనీ. నువ్వు రా."

పెంటమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫాం చివర స్తంభం దాకా ఈడ్చుకుపోయింది. సత్తెమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, చెయ్యి గుంజుకుంటూ, తిడుతూనే వచ్చింది. బస్సు వెనక్కి కదిలింది. ఇవాళ్టి డ్రైవరు ఇంకో దిక్కు తిప్పితే? తిప్పడని తెలుసు, ఇన్నేళ్లలో ఎవరూ తిప్పలేదు. అయినా సరే.

బస్సు మెల్లగా తిరిగింది. మొదటి కిటికీలో ఎవరో ముసలాయన. రెండో దాంట్లో చంటిపిల్ల. మూడో దాంట్లో మానస.

ఉదయపు ఎండ సరిగ్గా ఆ ముఖం మీదే పడింది. కళ్లు, ముక్కుపుడక, బుగ్గ మీది పాత మచ్చ, అన్నీ చేతికి అందేంత దగ్గరగా కనబడ్డాయి. "అమ్మా!" అని అరిచింది మానస. చేతికి దొరికినదేదో తీసి కిటికీలోంచి ఊపసాగింది. గేటు దాటేదాకా, మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది.

సత్తెమ్మ ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూసింది. దుమ్ము అణిగాక పెంటమ్మ భుజం మీద ఒక్కటి చరిచింది. "సక్కగ కనవడ్డదే! పండ్లతో సహా కనవడ్డది!"

"చెప్పిన గదనే."

అప్పుడు పెంటమ్మ తల తడుముకుంది. మానస ఊపింది తన ఎర్రంచు టువ్వాల.

ఎప్పుడూ మనిషి కూర్చున్నాక టువ్వాల వెనక్కి వచ్చేస్తుంది. ఇవాళ అడగడమే మరిచిపోయింది. "నీ కిరీటం పోయిందే పెంటమ్మా!" అని చెన్నయ్య పగలంతా ఏడిపించాడు. ఆమె ఉత్త తలతోనే ఊడ్చింది. మధ్యాహ్నం సత్తెమ్మ పంపిన కూరతో రొట్టె తింది. రాజోలి పోయే ముసలమ్మను సరైన బస్సెక్కించింది, నీళ్లున్నాయా అని రెండుసార్లు అడిగింది. గాలి తలకు తగిలినప్పుడల్లా, ఆ పిల్ల ఇప్పుడు జడ్చర్ల దాటి ఉంటుంది, ఇప్పుడు అద్దాల తలుపు దగ్గర ఉంటుంది అనుకుంది. బాట పక్కన సీటు. ఎవరినీ లేపనక్కరలేదు. అది తలుచుకుంటే కొంచెం నిమ్మళంగా ఉంది.

పొద్దు వాలేవేళ ఆ బస్సు తిరిగొచ్చింది. జనం దిగిపోయాక రజని తలుపులోంచి తల బయటపెట్టి కేకేసింది.

"పెంటమ్మా! గీ టువ్వాల నీదేనా?"

పెంటమ్మ చీపురుతో సహా బస్సెక్కింది.

"పొద్దున ఆ పిల్ల శంషాబాద్‌ల దిగుతూ సీటు మీదనే పెట్టి పోయింది," అంది రజని, నవ్వు ఆపుకోలేక. "హైదరాబాద్ పోయినం, మల్లొచ్చినం. ఒక్కరంటే ఒక్కరు గా సీట్ల కూసోలె! షాద్‌నగర్ కాడ ఊపిరాడనంత మంది. ఒంటికాలు మీద నిలబడ్డరు గని దాన్ని ముట్టలె. 'మనిషున్నరు, నీళ్లకు దిగిండ్రు' అని ఒకరికొకరు చెప్పుకునుడే. నేనే కూసోమ్మా అని ఒకామెతోటి అంటే, 'ఒద్దు, వస్తరు' అన్నది."

పెంటమ్మకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ సీటు కడ్డీ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడో ఆగింది. టువ్వాల తీసుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"బస్సు మల్ల పోతదా?"

"ఇగ డిపోకే. పొద్దుగాల దాక యాడికి పోదు."

"అయితే ఉండనీ. పొద్దుగాల తీసుకుంట."

రజని ఆమె ముఖం చూసి సంచి సర్దుకుని దిగింది. పెంటమ్మ కూడా దిగింది. ఖాళీ బస్సు వెనక్కి పోయి, తిరిగి, గేటు దారి పట్టింది. డ్రైవరు వైపు మూడో కిటికీ ప్లాట్‌ఫాం ముందు నుంచి మెల్లగా పోయింది. అందులో, నాలుగు మడతలు పెట్టి, ముడి విప్పకుండా పైకి ఉంచిన ఎర్రంచు టువ్వాల సీటును అలాగే ఆపి ఉంచింది.