ఊపిరి చాలినంత కేక

మా ఆయన ముత్యాలయ్యకు నోరు పెద్దది. మైపాడు సముద్రపు ఒడ్డున, కడలిలో వేసిన అలివి వలను తాళ్ళతో ఒడ్డుకు లాగేటప్పుడు ఆయన "హైలెస్సా" అని కేక అందుకుంటే, రెండు తాళ్ళ మీదున్న మగవాళ్ళంతా ఆ కేక చివర ఒక్క గుంజు గుంజేవారు. కేక లేకుండా తాడు లాగడం మా వాళ్ళకు చేతకాదు. ఇంట్లో మాత్రం ఆ నోటితో నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

మొన్న వానల్లో ఆయనకు న్యుమోనియా పట్టింది. నెల్లూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషన్ మీద పెట్టారు. బతికి ఇంటికొచ్చాడు గానీ, "మే" అని నన్ను పిలవడానికే ఆయాసపడేవాడు. నాకు ఏడుపు ఆగేది కాదు. ఆసుపత్రిలో ఊపిరి కసరత్తులు నేర్పే వాణిగారు ధైర్యం చెప్పారు.

"ఊపిరితిత్తులు నయమైనాయి గంగాభవానమ్మా. ఊపిరి లాగే కండరాలే నీరసపడి ఉండాయి. ఇన్నాళ్ళూ వాటి పని మిషన్ చేసింది గదా! ఇప్పుడు కొద్దికొద్దిగా పని చెప్పాల. అలిసినప్పుడు ఆపాల."

ఆపడమా? ఆయన జన్మలో ఎరగడు. వాణిగారిచ్చిన మూడు బంతుల డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని, లోపలి బంతులు పైకి లేచేలా గాలి పీల్చేవాడు. బంతి లేవకపోతే దాన్ని తిట్టేవాడు. తిట్టడానికీ ఊపిరి చాలక, తన బదులు నన్ను తిట్టమనేవాడు. నేనూ మనసారా తిట్టాను. ఎండలు ముదిరేసరికి మూడో బంతి కూడా లేచింది.

"ఈసారి కేక నేనే ఏస్తా. అదీ లేకపోతే ఈ ఒడ్డున నేనెందుకు మే?" అన్నాడు.

ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. వల వేసిన రోజు పొద్దున్నే నేనూ ఒడ్డుకు వెళ్ళాను.

మొదటి కేకలు బాగానే వచ్చాయి. వల దగ్గర పడుతుండగా ఒక కేక "హైలె" దగ్గరే తెగిపోయింది. అందరూ తాళ్ళు బిగబట్టి అట్లాగే నిలబడిపోయారు. మా ఆయన మొహం మాడిపోయింది.

"పోలేరయ్యా, నువ్వందుకో," అన్నాడు రొప్పుతూ.

తాడు ముందున్న పోలేరయ్య భుజంతో చెమట తుడుచుకున్నాడు. "నేనందుకోను ముత్యాలన్నా. నువ్విట్టనే ఆగి ఆగి పిలువు. ఇన్నేండ్లూ మాకు ఊపిరి తీసుకునే సందిచ్చినావా నువ్వు?"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను. మా ఆయనా నవ్వబోయాడు, నవ్వుకు ఊపిరి చాలక ఇసుకలో కూలబడి తీరిగ్గా గాలి పీల్చుకున్నాడు. అంతమందీ తాళ్ళు పట్టుకుని కాచుకున్నారు. ఆయన లేచి కేక అందుకునేదాకా వల జానెడు కూడా కదలలేదు.