వెలగని బల్బు చెప్పిన అబద్ధం

నేను ఒక వంద వాట్ల పాతకాలపు బల్బుని. మా అన్నదమ్ములు వెలిగితే జనం సంతోషపడతారు. నేను వెలిగితే భయపడతారు. అట్టపెట్టెలో, లారీలో, గతుకుల రోడ్ల మీద చీరాల చేరాను. అప్పటినుంచే నాకు అదురంటే హడలు. నా లోపలి తీగ వెంట్రుక కన్నా సన్నం మరి.

రిపేరు కొట్టు మస్తానయ్య నన్ను ఒక చెక్కకి బిగించాడు. ఇళ్లల్లో బల్బులూ ఫ్యాన్లూ పారలల్‌గా ఉంటాయి. ఎవరి దారి వారిది. ఒకటి పోతే పక్కదానికి చీమ కుట్టినట్టైనా ఉండదు. నాది సిరీస్. కరెంటు నన్ను దాటుకునే సామానులోకి పోవాలి. నా రెండు వైర్లలో ఒకదాని మొన సామాను ప్లగ్గుకి, రెండోదాని మొన దాని ఇనప ఒంటికి ఆనిస్తాడు. నేను వెలిగితే ఆ ఒంటికి కరెంటు పాకినట్టు. వెలగకపోతే మంచిదన్నట్టు.

ఇక్కడే నా గుండెదడ. నేను చచ్చినా వెలగను కదా! చూసేవాళ్లకి రెండూ ఒకటే చీకటి. అందుకే మస్తానయ్య ముందు రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి, నేను భగ్గుమన్నాకే పని మొదలుపెట్టేవాడు.

ఆ రోజు ఇడ్లీబండి రాజ్యం గ్రైండరు తెచ్చి బల్ల మీద దబ్బున దించింది. ముట్టుకుంటే జిల్లున షాక్ కొడుతోందట. ఆ అదురుకి నా తీగ పుటుక్కున తెగింది. ఎవరూ చూడలేదు. కొట్టు ముందు నలుగురు తొందరపెడుతున్నారు. మస్తానయ్య గ్రైండరు విప్పి లోపలి వైరు ఒకదానికి టేపు చుట్టి, మొనలు సరాసరి గ్రైండరుకే ఆనించాడు. చీకటి.

"అయిపోయిందమ్మా, తీసుకుపో."

అబద్ధం చెప్పింది నేను. అరుద్దామంటే నోరు లేదు. రాజ్యం చేతులు ఎప్పుడూ తడే. సాయంత్రం ఆ చేతులతోనే దాన్ని పట్టుకుంటుంది.

ఆమె గ్రైండరు ఎత్తుకుంటూ నవ్వింది. "ఏం బాబాయ్, ఇయ్యాల నీ వైర్లకి ముద్దు పెట్టించలా? పిన్నితో పోట్లాడొచ్చావా ఏంది?"

మస్తానయ్య చెయ్యి ఆగిపోయింది. మొనలు కలిపాడు. చీకటి. విడదీసి మళ్లీ కలిపాడు.

"దించు," అన్నాడు. "దించవే తల్లీ!"

కొత్త బల్బు బిగించి గ్రైండరు ఒంటికి మొన ఆనించగానే కొట్టంతా తెల్లగా వెలిగింది. లోపల ఇంకో వైరు ఒరుసుకుపోయి ఉందట. రాజ్యం రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

నన్ను చెత్తలో వెయ్యలేదు. చెక్క పైన మేకుకి కట్టాడు. ఇప్పుడు ఏ సామాను వచ్చినా ముందు నా వంక చూస్తాడు, ఆ తర్వాత మొనలు కలుపుతాడు. నేనిక వెలగను. అయినా నన్ను చూసి భయపడుతూనే ఉన్నాడు.

నాకు మాత్రం భయం తగ్గింది.