ఆయన చెప్పిన రుచులు

టీ కంపెనీలో ఆవిడని అందరూ నాలుకమ్మ అనేవారు. మరిగిన డికాషన్‌ని చెంచాతో సర్రున పీల్చి, నోరంతా తిప్పి, తొట్టిలో ఉమ్మేసి, ఏ టీలో ఏది కలపాలో చెప్పడం ఆవిడ పని. అస్సాం టీ చిక్కగా, వేయించిన గింజల్లా కమ్మగా ఉంటుంది. డార్జిలింగ్ తేలిక; ఎండుద్రాక్ష తొక్క నమిలినట్టు చివర్లో చిన్న వగరు. నీలగిరిది నాలుకని కడిగేసే చురుకు. పొగబెట్టిన టీ అయితే కప్పు నోటి దాకా రాకముందే పసిగట్టేది.

ఓసారి గట్టిగా జలుబు చేసింది. జలుబు పోయింది గానీ, వాసన తిరిగి రాలేదు. ఏ కప్పు తాగినా చేదు నీళ్లే. నరం దెబ్బతిందనీ, ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు తేల్చేశాడు.

ఆఫీసులో ఆవిడ నోరు మెదపలేదు. అంకెలు తప్ప పేర్లుండని నమూనా పొట్లాలు ఇంటికి తెచ్చి, కాచి, భర్త ముందు పెట్టింది. ఆయన గోడలకి రంగులేసే మేస్త్రి.

"టీ అంటే టీయేగా" అన్నాడాయన. ఆవిడ మొహం చూసి కుర్చీ లాక్కున్నాడు.

"ఇదెలా ఉంది?"

"కొత్త చెప్పుల డబ్బా తెరిచినట్టుంది."

"మనిషి నోట్లో పెట్టుకునేది చెప్పండి."

"అయితే మాడిన రొట్టె అంచు."

చాలా రోజులకి ఆవిడ నవ్వింది. ఆయన మాటల్నే అటూ ఇటూ మార్చి, మర్నాడు ఆఫీసులో చెప్పింది. అలా కొన్నాళ్లు బండి నడిచింది.

ఓ రోజు సరుకు తిరిగొచ్చింది. పొద్దున తాగే తేలికపాటి టీలో పొగ టీ కలిసిపోయింది. భర్త 'పూల వాసన' అన్న పొట్లమే అది. కంపెనీ పెద్దాయన పిలిచి, రెండు కప్పులు ముందుంచాడు.

"ఇందులో పొగది ఏదమ్మా?"

ఆవిడ ఒకదాని మీదికి వంగింది, తర్వాత రెండో దాని మీదికి. చివరికి ఒకటి చూపించింది. పెద్దాయన మొహం తిప్పుకున్నాడు.

"ఎన్నాళ్లయిందమ్మా ఇలా?"

ఆవిడ అంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. లేబుళ్లు అంటించే గదికి మార్చాడు.

ఇంటికొచ్చి భర్తనడిగింది. "పొగ కూడా తెలియలేదా మీకు?"

ఆయన గోళ్లలో ఎండిన రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. "నాకు వాసన పోయి ఏళ్లయిందే. ఈ థిన్నర్ల మధ్య ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పినవి?"

"నోటికొచ్చింది చెప్పాను. నేనేదో ఒకటి అంటే నీ మొహం విచ్చుకునేది. అది చూశాక నాకేమీ తెలీదని ఎలా చెప్పను?"

కోప్పడదామనుకుంది. కోపం రాలేదు. ఇన్నేళ్లూ కూర బాగుందా అని అడిగిన ప్రతిసారీ ఆయన బాగుందన్నది గుర్తొచ్చింది. ఆయన నొచ్చుకోకూడదని, అది మాత్రం అడగలేదు.

ఆ వారం ఇంట్లో టీపొడి అయిపోయింది. ఆయన సంచీ పట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"ఏది తెమ్మంటావ్?"

"ఏదో ఒకటి తెండి" అని ఆవిడ ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది.