ఆరడుగుల మంచం

వడ్రంగి బాబాయ్ కొలవందే కాలు కూడా కదపడని ఆ వీధిలో అందరికీ తెలుసు. చెవి వెనక పెన్సిలు, జేబులో టేపు. తలుపు చెయ్యమన్నా పీట చెయ్యమన్నా మూడుసార్లు కొలిచాకే రంపం పడుతుంది. అంతవరకూ మంచిదే. దేవుడితోనూ అదే వరసంటే ఎలా చెప్పండి!

పెళ్లయి పద్నాలుగేళ్లయినా పిల్లలు కలగక, ఆలుమగలు ఓ బిడ్డని పెంచుకుంటామని దరఖాస్తు పెట్టి ఐదేళ్లయింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే షాపు తెరవగానే ఆయన ప్రార్థన ఇదీ: "స్వామీ, ఆడపిల్లే కావాలి. ఆరు నెలలు దాటకూడదు. మొదటి అడుగు మా ఇంట్లోనే వెయ్యాలి." కర్రల డిపోకి సైజులు రాసిచ్చినట్టే. టేకుతో ఉయ్యాల కూడా చేసేశాడు. దానికి పాలిష్ పెట్టింది ఆయన భార్య. అది చూసి పక్కింటి వదిన, "ఆలూ లేదు చూలూ లేదంటారు గానీ, ఇక్కడ ఆలు ఉంది, ఉయ్యాల ఉంది, పాపాయే తక్కువ!" అని నవ్వేది. ఆవిడ నోటికి హద్దు లేదు గానీ మనసు వెన్న.

ఒకరోజు పొద్దున పిల్లల ఆశ్రమం నుంచి ఫోను వచ్చింది. పాప ఉందట. కాకపోతే ఏడేళ్లదట. ఇంతకుముందు రెండిళ్లకు పంపితే, సర్దుకోలేకపోతున్నామని ఇద్దరూ తిరిగి తెచ్చి దింపేశారట. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పమన్నారు.

బాబాయ్ ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "ఏడేళ్లా! తానొకటి తలిస్తే దైవమొకటి తలిచిందంటే ఇదే. మనం అడిగిందేంటి, వచ్చిందేంటి?"

"మనం అడిగింది బిడ్డని," అంది భార్య, చేతిలో గరుకు కాగితం బల్ల మీద పడేసి. "ఐదేళ్లుగా వింటున్నా. దారి చూపించు దేవుడా అని ఒక్కరోజైనా అన్నారా? దారి మీరే గీసి, దాని మీద నడవమంటారు ఆయన్ని!"

బాబాయ్ జేబులోంచి టేపు తీసి మళ్లీ లోపల పెట్టుకున్నాడు. "అది కాదే... రెండిళ్లు చూసొచ్చిన పిల్ల. మనల్ని అమ్మా నాన్నా అనుకుంటుందా?"

"ముందు మనం అనుకోవాలిగా," అంది. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆయన రంపపు పొట్టులోనే కూలబడి కళ్లు మూసుకున్నాడు. ఈసారి సైజులేవీ నోటికి రాలేదు. "నాకేం తోచట్లేదయ్యా. భయంగా ఉంది. నువ్వే నడిపించు, చెయ్యి మాత్రం వదలకు," అన్నాడు. ఆకాశవాణేమీ పలకలేదు. కానీ ఇన్నేళ్లూ తన ఎదురుచూపే తప్ప, అవతల ఓ పిల్ల కూడా ఎదురుచూస్తూ ఉంటుందన్న ఊహే రాని ఆయనకి, ఇప్పుడా పిల్లే మనసులో మెదిలింది. రెండుసార్లు ఆశపడి వెళ్లి, రెండుసార్లు వెనక్కొచ్చిన పిల్ల. పాపం, ఆయనకి ఏడుపు ఆగలేదు. భయం పోయిందా అంటే పోలేదు. అయినా లేచి ఫోను చేశాడు.

కాగితాల పనులన్నీ అయ్యాక పిల్ల ఇంటికొచ్చింది. ఉయ్యాల పక్కింటి వదిన మనవడికి వెళ్లిపోయింది. పిల్లకి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. అడిగితే తల ఊపుతుంది, పెడితే తింటుంది. మళ్లీ ఎప్పుడు వెళ్లమంటారోనన్నట్టు, విడిచిన బట్టల్ని వెంటనే మడిచి సంచీలో పెట్టేసుకుంటుంది.

నాలుగో రోజున, మంచం చెయ్యాలి కదా అని, బాబాయ్ పిల్లని షాపులో ఓ చెక్క మీద పడుకోమన్నాడు. తల దగ్గర ఓ గీత గీశాడు, పాదాల దగ్గర ఓ గీత గీశాడు. తర్వాత టేపు లాక్కుంటూ ఇంకా కిందికి వెళ్లి, ఆరడుగుల దగ్గర గట్టిగా మరో గీత గీశాడు.

పిల్ల లేచి కూచుని చూసింది. అప్పటికి గానీ నోరు విప్పలేదు.

"తప్పు కొలిచారు. నేను ఇక్కడిదాకే ఉన్నాను."

"ఇప్పుడు ఇక్కడిదాకే. పెరగవూ?"

పిల్ల ఆ కింది గీతని వేలితో తడిమింది. "అంత పెరిగేదాకా ఇక్కడే ఉంటానా?"

బాబాయ్ పిల్ల పక్కనే కూచున్నాడు. "ఆ తర్వాత కూడానే, నా తల్లీ."

పిల్ల మళ్లీ చెక్క మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ బారజాపింది.

"అయితే వెడల్పు కూడా కొలవండి. నేను బాగా దొర్లుతాను."