కాశీబాయి అడవి చూసొచ్చిన ఏడు

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని కొత్త పేరు పెట్టిన ఏడు అది. రాష్ట్రం పేరైతే మారింది గానీ, జనవాడలో సైకిల్ షాపు మాణిక్యప్ప ఇంట్లో మారింది ఏమీ లేదు. ఏటా లాగే ఆ చలికాలం కూడా ఆయన తన దోస్తులు ఖండప్ప, జీవరాజ్‌లతో కలిసి హొన్నికేరి అడవిలోని గుడిసెలో మూడు రోజులు ఉండి రావడానికి తయారయ్యాడు. ఏటా లాగే భార్య కాశీబాయి పొయ్యి ముందు కూచుని ముగ్గురికీ సరిపడా సజ్జరొట్టెలు తట్టాలి.

ఆ గుడిసె అటవీశాఖది. రాతిగోడలు, పెంకుల కప్పు, ముందొక అరుగు. కాపలాదారు ఖండప్పకు మేనమామ కాబట్టి వీళ్లను ఉండనిచ్చేవాడు. సాయంత్రం కుంటలో నీళ్లు తాగడానికి కృష్ణజింకలు మందలుగా వస్తాయని, అక్కడి గాలికి ఒంట్లో బడలికంతా ఎగిరిపోతుందని మగవాళ్లు తిరిగొచ్చాక వారం రోజులు చెప్పుకునేవారు. వాళ్ల మాసిన బట్టలు ఉతుకుతూ కాశీబాయి వినేది. వినీ వినీ బస్సు ఎక్కడ దిగాలో, ఏ మోదుగు చెట్ల దగ్గర ఎడమకు మళ్లాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. చూడనిదల్లా అడవినే.

ఆ ఏడు నోరు విప్పి తనూ వస్తానంది. మాణిక్యప్ప తాగుతున్న చాయ్ పొలమారేదాకా నవ్వాడు. అడవిలో ఆడవాళ్లకేం పని అన్నాడు. పనేమీ లేదనే కదా మీరు పోయేది అనబోయి ఆమె మాట మింగేసింది. ఆయన అంతటితో ఊరుకోక షాపుకు పోయి, వచ్చినవాడికల్లా ఆ ముచ్చట చెప్పి మళ్లీ నవ్వాడు. ఇంట్లో నవ్విన నవ్వును ఆమె భరించింది. షాపులో నవ్విన నవ్వు గురించి విన్నాక ఒళ్లు మండిపోయింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. అడవికి పట్టుకెళ్లే సద్దిమూట దారిలో విప్పకూడదు. అక్కడికి చేరాక, అడవితల్లి పేరు చెప్పి ఒక రాయి ముందు తొలి ముక్క పెట్టాకే ఎవరైనా తినాలి. మాణిక్యప్పకు దేవుళ్ల మీద భక్తి అంతంతమాత్రమే గానీ, పాములంటే చచ్చే భయం. అందుకే ఈ ఒక్క ఆచారాన్ని తు.చ. తప్పడు. ఈసారి కాశీబాయి మూటలో రొట్టెలకు బదులు సజ్జపిండి, ఉప్పు, ఎండుమిరపకాయలు, కాసిని ఉల్లిగడ్డలు పెట్టి గట్టిగా ముడేసింది. ఆయన బరువు చూసి మురిసిపోయి భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు ఆమె రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, ఇంటికి తాళమేసి బీదరు పోయి భాల్కి బస్సెక్కింది. అడవి దగ్గర దిగుతానంటే, కట్టెలకా అని అడిగాడు కండక్టరు. కాదు, ఊరికే చూడ్డానికి అంది. అతను చిల్లర ఇవ్వడం మరిచి ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు.

పొద్దు వాలుతుండగా గుడిసె చేరింది. ముగ్గురిలో ఒక్కడికీ రొట్టె తట్టడం రాదు. పొయ్యి చుట్టూ మాడిన పిండిముద్దలు. ఖండప్ప కాలిన వేళ్లు ఊదుకుంటున్నాడు, జీవరాజ్ పచ్చి ఉల్లిగడ్డ నములుతున్నాడు. ఆమెను చూడగానే ఆ ఇద్దరి ప్రాణాలు లేచొచ్చాయి. మాణిక్యప్ప ముఖం మాత్రం కందగడ్డయింది. దోస్తుల ముందు ఇజ్జత్ తీశావని, ముందు రొట్టెలు చెయ్యమని, మిగతా సంగతి ఇంటికెళ్లాక చూస్తానని గద్దించాడు.

ఇరవై ఏళ్లుగా ఆ గొంతు వినగానే కాశీబాయి కాళ్లు పొయ్యి వైపు నడిచేవి. ఇప్పుడూ ఒక అడుగు పడింది. ఆ అడుగు చూసుకుని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

“పిండి ఉన్నది, పొయ్యి ఉన్నది, మీకు చేతులున్నయి. నేను రొట్టెలు చేసెతందుకు రాలె. అడవి చూసెతందుకు వచ్చిన,” అని కుంట వైపు కదిలింది.

“అటు పోయినవంటే మళ్ల నా ఇంట్ల అడుగు పెట్టకు,” అన్నాడు మాణిక్యప్ప.

దోస్తులిద్దరూ తలలు దించుకున్నారు. ఆ మాట అన్నాక ఏ ఆడదైనా ఆగుతుందని ఆయన ధీమా. కాశీబాయి ఆగింది. వెనక్కి తిరిగి, నడుమున దోపుకున్న తాళంచెవి తీసి చూపింది.

“మరి నువ్వెట్ల పోతవయ్యా లోపలికి?”

తాళంచెవి మళ్లీ దోపుకుని కుంట వైపు నడిచింది. ఇల్లు పోతుందేమోనన్న భయం కొంత ఉంది. దాన్ని మించిన సంతోషం ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కాసేపటికి మాణిక్యప్ప చెప్పులు టపటపలాడిస్తూ పరుగున వచ్చాడు. ఏదో అనబోయాడు గానీ ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

“చెప్పులు ఇడిచి నడువు. జింకలు బెదురుతయి.”